ఎగువ నుంచి కొలిచిన నీరు, దిగువ నుంచి గీసిన హద్దు: పోరుమామిళ్ల శాసనం మొదలు 111వ జీవో వరకు ఒక విమర్శనాత్మక పరిశీలన

సంగ్రహం

స్వచ్ఛమైన నీటిని కాపాడటమంటే నీరు నిలిచే చోటును కాపాడటమా, నీరు నడిచి వచ్చే నేలను కాపాడటమా అన్నది పరీవాహక ప్రాంతాల చర్చలో మౌలికమైన ప్రశ్న. తెలుగు నేలతో సంబంధమున్న మూడు పాఠ్యాలు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి: క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం, సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫారసుల ఆధారంగా 1995లో అమల్లోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వెలువడిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు. ఈ మూడింటిలో కొలత ఎక్కడ మొదలవుతుందన్నదే ప్రధాన భేదమనీ, కొలత మొదలైన చోటును బట్టే రక్షణ స్వభావం నిర్ణయమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మూడు పాఠ్యాలకూ ఉమ్మడిగా ఉన్న లోపం ఎగువ ప్రాంత ప్రజల హక్కులను, వారిపై పడే భారాన్ని తగినంతగా లెక్కలోకి తీసుకోకపోవడం.

కీలక పదాలు: పరీవాహక ప్రాంతం, చెరువు, పోరుమామిళ్ల శాసనం, వాటర్‌షెడ్, 111వ జీవో, మూసీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, తాగునీరు.

1. ఉపోద్ఘాతం

ఒక వానచుక్క ఏ వాగులో కలుస్తుందో నిర్ణయించేది నేల ఎత్తుపల్లాలు. రెండు వాలుల నడుమ ఉన్న గట్టు నీటిని ఇటూ అటూ విడదీస్తుంది. ఆ గట్టుకు ఒకవైపు పడిన నీరంతా చివరికి ఒకే ప్రవాహంలో చేరితే, ఆ మొత్తం నేల ఆ ప్రవాహానికి పరీవాహక ప్రాంతం. చెరువులో కనిపించే నీరు ఈ నేల మీద జరిగిన పనులన్నింటికీ ఫలితం. పొలంలో చల్లిన ఎరువు, కొట్టేసిన చెట్టు, వేసిన రోడ్డు, వదిలిన మురుగు ఏదో ఒక పాళ్లలో ఆ నీటిలోకి చేరుతుంది. కాబట్టి నీటి నాణ్యత చెరువులో తయారయ్యేది కాదు. అది చెరువుకు చేరేలోపే చాలావరకు నిర్ణయమై ఉంటుంది.

ఈ విషయం తెలియక ఎవరూ చెరువులను పాడుచేయలేదు. తెలిసిన విషయం చట్టంగా, ఉత్తర్వుగా, పథకంగా మారేటప్పుడు ఏ రూపం తీసుకుంది, ఆ మార్పులో ఏది జారిపోయింది అన్నదే ఇక్కడ పరిశీలించవలసింది. శాసనమైనా, మార్గదర్శకమైనా, ప్రభుత్వ ఉత్తర్వైనా ముందుగా ఒక పాఠ్యం. అది దేన్ని పేర్కొంటుంది, దేన్ని ముందు చెబుతుంది, దేన్ని వదిలేస్తుంది అన్నవి సాహిత్య పాఠ్యంలో ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే ముఖ్యం. ఆ దృష్టితోనే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాస పద్ధతి.

2. వాడుక మాటల్లో చెరువు

తెలుగులో చెరువుకు సంబంధించిన పదసంపద విస్తారమైనది. కట్ట, తూము, అలుగు, మత్తడి, కాలువ, ఆయకట్టు, పూడిక, శిఖం, ముంపు వంటి మాటలు రైతుల నోళ్లలోనూ రెవెన్యూ రికార్డుల్లోనూ నేటికీ జీవించి ఉన్నాయి. వీటిలో అధిక భాగం కట్టకో, కట్టకు దిగువనున్న భూమికో, చెరువు గర్భానికో చెందినవి. తూము నీటిని వదిలేది, అలుగు మిగులు నీటిని పంపేది, ఆయకట్టు ఆ నీటితో పండేది. నీటిని పంచుకోవలసిన చోట, తగాదా వచ్చే చోట, శిస్తు కట్టే చోట మాటలు దట్టంగా పుట్టాయి.

చెరువుకు ఎగువనున్న నేల విషయంలో ఈ దట్టం కనిపించదు. వాగు, వంక, ఒర్రె, గట్టు, మిట్ట అన్న మాటలున్నా, అవి భూమి రూపాన్నో ప్రవాహాన్నో చెప్పేవి. ఫలానా చెరువుకు నీరిచ్చే మొత్తం నేల అన్న భావాన్ని ఒకే మాటలో చెప్పవలసి వచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలు 'పరీవాహక ప్రాంతం' అన్న సంస్కృత సమాసాన్ని ఆశ్రయించాయి. గ్రామాల్లో ఆ భావం 'వాటర్‌షెడ్' అన్న ఆంగ్లపదంగా, అదీ ఒక పథకం పేరుగా ప్రవేశించింది. 'గొలుసుకట్టు చెరువులు' అన్న మాట మాత్రం ఇందుకు చక్కని మినహాయింపు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుందన్న ఎరుక అందులో ఉంది. అయితే ఆ గొలుసు కూడా చెరువు నుంచి చెరువుకు సాగేదే. రెండు చెరువుల నడుమ ఉన్న నేల దాని అర్థంలో అంత స్పష్టంగా లేదు.

మాట లేనంత మాత్రాన ఎరుక లేదని తీర్మానించడం పొరపాటు. పోరుమామిళ్ల శాసనమే అందుకు సాక్ష్యం.

3. పోరుమామిళ్ల శాసనం: పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్లలోని చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేశాడు. ఇతనికే భవదూరుడని మరో పేరు. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి ఈ సంస్కృత శాసనం ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో వి.ఎస్. సుక్తంకర్ పరిష్కరణలో ప్రచురితమైంది. నిర్మాణానికి రెండేళ్ల పాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు పనిచేసినట్లు శాసనం చెబుతుంది. దానశాసనాల్లో సాధారణంగా కనిపించే వంశస్తుతి, పుణ్యఫల ప్రశంస ఇందులోనూ ఉన్నాయి. దీన్ని విశిష్టం చేసేది మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ వరుసగా పేర్కొనడం.

పన్నెండు సాధనాల్లో మూడు మనుషులకు సంబంధించినవి: ధర్మబుద్ధి, సంపద, కీర్తికాంక్ష గల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, నిర్మాణంలో నేర్పుగల పనివారు. మిగిలినవి స్థలానికీ, ప్రవాహానికీ, నిర్మాణానికీ చెందినవి. గట్టి బంకమట్టి నేల, తియ్యని నీరు పారే నది, చెరువును తాకి ఉండే కొండ, ఆ కొండ భాగాల నడుమ అతి పొడవు కాని దృఢమైన రాతికట్ట, ఫలభూములకు ఎడంగా ఉండే కట్ట కొసలు, విశాలమూ లోతూ అయిన గర్భం, నిడుపాటి రాళ్లు దొరికే గని, సమీపంలో చదునైన సారవంతమైన పొలాలు, కొండ అమరిక వల్ల వేగంగా సుడులు తిరిగే జలమార్గం వీటిలో ఉన్నాయి.

ఈ జాబితాలో నదిని గురించిన సాధనం ప్రత్యేకంగా గమనించదగినది. ఆ నది తియ్యని నీటిదై ఉండాలి, మూడు యోజనాల దూరం కలిగి ఉండాలి. ఈ దూరాన్ని నది పుట్టిన చోటు నుంచి లెక్కించవలసిందిగా పండితులు అన్వయించారు. యోజనం కొలత కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారినా, శాసనకర్త ఆలోచన స్పష్టమే. చెరువు యోగ్యత దాని కట్ట దగ్గర తేలదు. దానికి నీరు ఎంత నేల మీదుగా వస్తోంది, ఎలాంటి నీరు వస్తోంది అన్నవి ముందు చూడాలి. పరిమాణం, నాణ్యత అనే రెండు ప్రమాణాలు ఒకే సాధనంలో కలిసి ఉండటం ఈ పాఠ్యం ప్రత్యేకత.

ఆరు దోషాలు ఈ అవగాహనను బలపరుస్తాయి. కట్ట నుంచి నీరు ఊటగా కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ కూర్మంలాంటి మిట్ట, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ ఆరు. చివరి రెండు దోషాలు రాబడికీ వాడకానికీ మధ్య ఉండవలసిన సమతుల్యతను చెబుతాయి. చవిటి నేల దోషం తియ్యని నది అన్న సాధనానికి ఎదురు ముఖం. నేల గుణం నీటిలోకి దిగుతుందన్న గ్రహింపు దీని వెనుక ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. ఇది సాగునీటి చెరువు. తియ్యదనమంటే ఉప్పదనం లేకపోవడమే తప్ప నేటి అర్థంలో స్వచ్ఛత కాదు అనవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. సూక్ష్మజీవులు, రసాయనాలు అన్న భావనలను 14వ శతాబ్దపు పాఠ్యంలో వెతకడం కాలవిరుద్ధం. అయితే ఈ వ్యాసం శాసనానికి ఆపాదిస్తున్నది ఆధునిక శాస్త్రాన్ని కాదు, చూపు దిశను మాత్రమే. శాసనం నీటిని పుట్టిన చోటు నుంచి కిందికి చూసింది.

3.1. శాసనం చూడనిది

శాసనాన్ని ఆదర్శ పాఠ్యంగా కీర్తించి వదిలేయడం విమర్శ కాదు. ఈ జాబితాలో మూడు యోజనాల నేల ఉంది గాని, ఆ నేల మీద బతికే మనుషులు లేరు. రాజు, పండితుడు, పనివాడు ఉన్నారు. పశువులు మేపుకునేవారు, కట్టెలు కొట్టుకునేవారు, మిట్ట పొలాలు దున్నుకునేవారు లేరు. ఎగువ నేల ఇక్కడ ఒక సహజ వసతి. కొండలాగా, రాతిగనిలాగా ఉన్నదున్నట్లు దొరికే వస్తువు. పుణ్యం దాతకు, పంట దిగువ పొలానికి దక్కుతాయి. ఎగువ వారికి దక్కేదేమిటన్న ప్రశ్న పాఠ్యంలో తలెత్తదు. జనసాంద్రత తక్కువైన కాలంలో ఈ మౌనం పెద్ద లోపంగా కనిపించకపోవచ్చు. అదే మౌనం ఆధునిక పాఠ్యాల్లోకి కూడా వచ్చి చేరడం వల్లనే దాన్ని ఇక్కడ ప్రస్తావించవలసి వచ్చింది.

4. 1995 మార్గదర్శకాలు: గట్టు దగ్గర మొదలైన లెక్క

కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమాన్ని, ఎడారి అభివృద్ధి కార్యక్రమాన్ని సమీక్షించడానికి కేంద్ర ప్రభుత్వం ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన నియమించిన కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా రూపొందిన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల చిన్న పరీవాహక ప్రాంతాన్ని ప్రణాళికకు ప్రమాణంగా తీసుకోవడం, స్థానికులతో వాటర్‌షెడ్ కమిటీలు, వినియోగదారుల సంఘాలు ఏర్పరచడం వీటిలో ముఖ్యాంశాలు. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాల్లో ఈ కార్యక్రమం విస్తృతంగా అమలైంది.

వాటర్‌షెడ్ కార్యక్రమాల్లో స్థిరపడిన పని క్రమం ఎత్తు నుంచి పల్లానికి సాగుతుంది. ముందు గట్టు మీద మొక్కలు, కందకాలు. తరువాత వాలులో కట్టలు, రాతి అడ్డుకట్టలు. చివరకు లోయలో చెక్‌డ్యామ్‌లు, ఊట కుంటలు. పైన పరుగెత్తే నీటిని నడిపిస్తే, నడిచే నీటిని నిలిపితే, నిలిచిన నీరు ఇంకుతుందన్నది దీని తర్కం. పోరుమామిళ్ల శాసనంలోని చూపు దిశే ఇక్కడ ఆచరణ క్రమంగా మారింది. పైగా శాసనంలో లేని మనిషి, అంటే పరీవాహక ప్రాంతంలో నివసించే సామాన్యుడు, ఈ పాఠ్యంలో సభ్యుడిగా ప్రవేశించాడు.

అయితే శాసనంలో ఉన్న ఒకటి ఇక్కడ వెనక్కి పోయింది. ఈ కార్యక్రమాల ప్రధాన దృష్టి భూసార రక్షణ, నేల తేమ, భూగర్భజలం, పచ్చదనం మీద నిలిచింది. నీరు ఎంత ఆగింది, బావిలో మట్టం ఎంత పెరిగింది అన్నవి విజయానికి కొలమానాలయ్యాయి. ఆ నీటి గుణం ఏమిటన్నది అంత ప్రధాన కొలమానం కాలేకపోయింది. ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉన్న నల్లగొండ వంటి జిల్లాలను తలచుకుంటే ఈ లోపం తీవ్రత అర్థమవుతుంది. అక్కడ నీరు లేకపోవడం ఎంత సమస్యో, ఉన్న నీరు తాగదగినది కాకపోవడమూ అంతే సమస్య.

5. 111వ జీవో: కట్ట దగ్గర మొదలైన లెక్క

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మితమయ్యాయి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నివారణ, తాగునీరు రెండూ వీటి లక్ష్యాలు. నగరం పశ్చిమానికీ, దక్షిణానికీ విస్తరించే క్రమంలో ఈ జలాశయాల రక్షణకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న 111వ జీవోను జారీచేసింది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల వరకు ఉన్న పరీవాహక ప్రాంతంలో కాలుష్య కారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీల వంటివాటిని ఇది నిషేధించింది. దీని పరిధిలోకి 84 గ్రామాలు వచ్చాయి.

జలాశయాన్ని మాత్రమే కాక దాని చుట్టూ ఉన్న నేలను రక్షణ వస్తువుగా గుర్తించడం ఈ ఉత్తర్వు సాధించిన గొప్ప ముందడుగు. సర్వోన్నత న్యాయస్థానం దీనికి బలాన్నిచ్చింది. ఈ పరిధిలో ఒక నూనె పరిశ్రమ స్థాపనపై తలెత్తిన వివాదంలో 1999లోనూ, 2000 డిసెంబరులోనూ వెలువడిన తీర్పులను జస్టిస్ ఎం. జగన్నాథరావు రాశారు. ముందుజాగ్రత్త సూత్రాన్నీ, హాని జరగదని నిరూపించే బాధ్యత కార్యకలాపాన్ని తలపెట్టినవారిదే అన్న సూత్రాన్నీ ఆ తీర్పులు వివరించాయి. తాగునీటి వనరుల విషయంలో ప్రభుత్వమే తన నిషేధం నుంచి ఒక పరిశ్రమకు మినహాయింపు ఇవ్వడం చెల్లదని రెండవ తీర్పు తేల్చింది.

ఈ విజయాన్ని తక్కువ చేయకుండానే ఉత్తర్వు పాఠ్యంలోని అంతర్గత వైరుధ్యాన్ని గుర్తించాలి. అందులో మూడు రకాల హద్దులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మొదటిది పరీవాహకం. అది గట్టును బట్టి ఏర్పడే సహజమైన హద్దు. రెండవది 10 కిలోమీటర్ల దూరం. అది పటం మీద స్కేలుతో గీసే హద్దు. మూడవది 84 గ్రామాల జాబితా. అది రెవెన్యూ రికార్డులు నిర్ణయించిన హద్దు. ఈ మూడూ ఒకటి కావు. నీరు మొదటి హద్దును మాత్రమే పాటిస్తుంది. పరిపాలన మూడవదాన్ని పాటిస్తుంది. ప్రజల వాడుకలో, పత్రికల్లో 111వ జీవో పది కిలోమీటర్ల జీవోగా, 84 గ్రామాల జీవోగా స్థిరపడింది. దాని తాత్త్విక ఆధారమైన పరీవాహకం క్రమంగా మరుగున పడింది.

దీని పర్యవసానం పటం మీద స్పష్టంగా కనిపిస్తుంది. మూసీ వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఆ కొండలు 10 కిలోమీటర్ల పరిధికి చాలా అవతల ఉన్నాయి. నది పుట్టిన చోటు రక్షణ హద్దుకు వెలుపల, నది ఆగిన చోటు లోపల ఉండిపోయాయి. శాసనం నది పుట్టిన చోటు నుంచి చెరువు వైపు కొలిస్తే, జీవో జలాశయం అంచు నుంచి వెనక్కి కొలిచింది. దిగువ నుంచి కొలిచే రక్షణకు ఒక పరిమితి ఉంటుంది. ఆ గీత ఎక్కడ ఆగాలన్నది నేల నిర్ణయించదు, నిర్ణేత నిర్ణయిస్తాడు. పది కిలోమీటర్లు ఎందుకు, అయిదు ఎందుకు కాదు అన్న వాదన ఎప్పటికైనా పుడుతుంది. గట్టు గురించి అలాంటి బేరానికి తావు లేదు.

6. 2022 మలుపు: రక్షణ నుంచి శుద్ధికి

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ జీవో ద్వారా ఈ ఆంక్షలను తొలగించింది. నగరానికి కృష్ణా, గోదావరి జలాలు వస్తున్నందున ఈ రెండు జలాశయాలు ఇక ప్రధాన తాగునీటి వనరులు కావన్నది దాని ప్రధాన తర్కం. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతును ఉంచుతూ, మురుగు శుద్ధి కేంద్రాలు, మళ్లింపు కాలువలు వంటి ఉపాయాలను అది ముందుకు తెచ్చింది.

ఈ తర్కం 111వ జీవో తర్కానికి పూర్తి విరుద్ధమని సాధారణంగా భావిస్తారు. జాగ్రత్తగా చదివితే రెండింటికీ పునాది ఒకటేనని తేలుతుంది. మొదటి ఉత్తర్వు నగరానికి తాగునీరు కావాలి గనుక నేలను కాపాడింది. రెండవది ఆ నీరు నగరానికి అంతగా అవసరం లేదు గనుక ఆంక్షను సడలించింది. నేల విలువను నగరపు కుళాయితో తూచడంలో రెండింటికీ భేదం లేదు. వందకు పైగా కిలోమీటర్ల అవతలి నుంచి గొట్టాల్లో నీరు రాగానే చేరువలోని పరీవాహకం అప్రధానమైపోవడం ఈ తూకానికి సహజ ఫలితం.

శుద్ధి కేంద్రాల మీద పెట్టుకున్న నమ్మకాన్నీ పరీక్షించవలసి ఉంది. గొట్టంలో చేరిన మురుగును కేంద్రం శుద్ధి చేయగలదు. రోడ్ల మీద, కప్పుల మీద, పచ్చిక మీద పడి కొట్టుకొచ్చే వాననీరు ఆ గొట్టంలోకి రాదు. కాంక్రీటు పరచుకున్న నేలలో ఇంకే నీరు తగ్గుతుంది, పరుగెత్తే నీరు పెరుగుతుంది. వాన కురిసిన కొద్దిసేపటికే వరద, వాన వెలిసిన కొన్నాళ్లకే ఎండిన వాగు దాని ఫలితాలు. వరద నివారణకై పుట్టిన జలాశయాల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. 1908 వరద కారణంగా కట్టిన జలాశయాలకు నీరిచ్చే నేలను వరద పెంచే నేలగా మార్చడం చరిత్ర పాఠాన్ని తలకిందులు చేయడమే.

7. ఎగువ వారి ప్రశ్న

111వ జీవోను వ్యతిరేకించిన గ్రామస్థుల వాదనను స్వార్థమని కొట్టివేయడం తేలిక. పొరుగు గ్రామాల్లో భూముల ధరలు ఎన్నో రెట్లు పెరుగుతుంటే, తమ భూములు మాత్రం నగరం కోసం పొలాలుగానే ఉండిపోవాలా అన్నది వారి ప్రశ్న. నగరం తాగే నీటికి వారు పరోక్షంగా మూల్యం చెల్లించారు. ఆ మూల్యానికి ప్రతిఫలం ఉత్తర్వులో లేదు. నిషేధాల జాబితా ఉంది, భాగస్వామ్యం లేదు. మరోవైపు ఆంక్షలు ఉన్నప్పుడే భూమి చేతులు మారిన చోట, ఆంక్షల తొలగింపు లాభం భూమిని నమ్ముకుని మిగిలిన రైతుకు కాక, కొన్నవారికి చేరుతుంది. అందువల్ల ఆంక్ష ఉన్నా, పోయినా చిన్న రైతు స్థితి పెద్దగా మారదు.

ఇక్కడే పోరుమామిళ్ల శాసనంలోని మౌనం ఆధునిక రూపంలో తిరిగి కనిపిస్తుంది. నాడు ఎగువ మనిషి పాఠ్యంలో లేడు. నేడు ఉన్నాడు గాని, నిషేధానికి లోబడేవాడిగా మాత్రమే ఉన్నాడు. 1995 మార్గదర్శకాలు అతణ్ని సభ్యుడిగా గుర్తించాయి. అయితే అక్కడ ఎగువ, దిగువ రెండూ ఒకే 500 హెక్టార్లలో, చాలావరకు ఒకే ఊరిలో ఉండేవి. ఎగువన పల్లె, దిగువన మహానగరం ఉన్న చోట ఆ భాగస్వామ్యం ఏ రూపం తీసుకోవాలన్నది ఈ పాఠ్యాలేవీ ఆలోచించలేదు. నగరం చెల్లించే నీటి పన్నులో ఒక వాటా ఎగువ గ్రామాల్లో పొలాలను పొలాలుగా, వాగులను వాగులుగా నిలిపినవారికి చేరే ఏర్పాటు ఉండి ఉంటే, 111వ జీవోకు రక్షకులు న్యాయస్థానాల్లోనే కాక ఆ 84 గ్రామాల్లోనూ ఉండేవారు.

శాసనం పేర్కొన్న మూడవ దోషం ఈ సందర్భంలో కొత్త అర్థాన్ని సంతరించుకుంటుంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండరాదన్నది నాటి రాజకీయ వివేకం. నేటి పరీవాహకాలన్నీ దాదాపు సరిహద్దుల మీదే ఉన్నాయి. ఒకే వాగు పంచాయతీ, పురపాలక సంఘం, రెండు జిల్లాలు, నాలుగైదు శాఖల మీదుగా పారుతుంది. ప్రతి హద్దు దగ్గర బాధ్యత మారుతుంది, నీరు మాత్రం అదే. సరిహద్దును తప్పించి చెరువు కట్టుకోగల వెసులుబాటు భాస్కరుడికి ఉంది. ఉన్న జలాశయానికి సరిపడేలా పరిపాలన హద్దులను మార్చుకోవలసిన అగత్యం నేటి ప్రభుత్వాలది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పోరుమామిళ్ల శాసనం నీటి పరిమాణాన్నీ నాణ్యతనూ ఒకే సాధనంలో కలిపి, నది పుట్టిన చోటు నుంచి లెక్కించింది. ఆధునిక పాఠ్యాల్లో ఈ రెండూ విడిపోయాయి. గ్రామీణ వాటర్‌షెడ్ కార్యక్రమం పరిమాణాన్ని, నగర జలాశయ రక్షణ నాణ్యతను ప్రధానం చేసుకున్నాయి.

2. కొలత గట్టు దగ్గర మొదలైనప్పుడు నేల మొత్తం రక్షణ వస్తువవుతుంది. నీటి అంచు దగ్గర మొదలైనప్పుడు రక్షణ ఒక పట్టీగా కుదించుకుపోయి, ఆ పట్టీ వెడల్పు బేరానికి లోనవుతుంది. 111వ జీవో బలం పరీవాహకాన్ని గుర్తించడంలో, బలహీనత దాన్ని దూరంగానూ గ్రామాల జాబితాగానూ అనువదించడంలో ఉన్నాయి.

3. తాగునీటి అవసరం మీద మాత్రమే ఆధారపడిన రక్షణ ప్రత్యామ్నాయ నీరు దొరికిన నాడు కూలిపోతుంది. వరద, భూగర్భజలం, జీవావరణం, ఎగువ జీవనోపాధులు కూడా రక్షణకు కారణాలుగా పాఠ్యంలోనే నమోదు కావాలి.

4. మూడు పాఠ్యాల్లోనూ ఎగువ, దిగువల మధ్య న్యాయమైన పంపకం కొరవడింది. దాన్ని సరిదిద్దకుండా చేసే ఏ పరీవాహక రక్షణా దీర్ఘకాలం నిలవదు.

తెలుగు సమాజం చెరువు కట్టను పూజించింది, కట్ట మైసమ్మను నిలుపుకుంది, అలుగు పారిన రోజును పండుగలా జరుపుకుంది. ఆ గౌరవం కట్ట దగ్గరే ఆగిపోకుండా చెరువుకు నీరిచ్చే మిట్ట పొలాలకూ, ఒర్రెలకూ, అక్కడ బతికే మనుషులకూ చేరినప్పుడే తియ్యని నీరు అన్న పాత సాధనం కొత్త కాలంలోనూ నెరవేరుతుంది.